పడుగు పట్టే చేతులు

కోస్గి అవతల ఒక ఊరి పేరు చెప్పి, ఆ ఊరికి సువార్తకు నువ్వు పోవాలమ్మా అని పాస్టరయ్య అన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది దేవుడు కాదు. మా ఇంట్లో గంజి కోసం సిద్ధంగా పెట్టిన పడుగు గుర్తొచ్చింది. ప్రార్థన గదిలో నేను తప్ప అందరూ ఆమెన్ అన్నారు.

సువార్తకు పోతే కొడతారేమో, తరుముతారేమో అని కొందరు భయపడతారు. నాకు ఆ భయం లేదని చెప్పను. కానీ అది రెండో భయం. మొదటి భయం ఏమిటో చెప్పాలంటే మా వీధి సంగతి చెప్పాలి.

మాది నారాయణపేటలో నేతగాళ్ల వీధి. అప్పటికి తెలంగాణ వచ్చి రెండేళ్లో మూడేళ్లో అయింది. మా ఊరు ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంది. మగ్గం మీద నిలువుగా పరుచుకునే దారాలనే పడుగు అంటాం. నూలు పడుగుకు గంజి పెట్టాలి, లేకపోతే నేసేటప్పుడు పోగు తట్టుకోదు. ఆ గంజి పెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు. తెల్లవారగానే వీధి పొడవునా పడుగు చాచి, రెండు కొసలా గుంజలకు కట్టి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే కుంచెలతో దువ్వాలి. అటొకరు ఇటొకరు నిలబడి దువ్వుతూ పోతుంటే, నడుమ ఎక్కడ పోగు తెగితే అక్కడ అతికేవాళ్లు వేరే ఉండాలి. భార్యాభర్తలిద్దరి వల్ల కాదు. అందుకని ఒక ఇంటి పడుగుకు వీధిలో ప్రతి ఇంటి నుంచి ఒక మనిషి వస్తాడు. పిలవనక్కర లేదు, గుంజలు పాతే చప్పుడు వింటే చాలు. కూలి ఏమీ ఉండదు. వాళ్ల పడుగు నాడు మనం పోతాం, అంతే. ఎవరూ రాకపోతే గంజి తాగిన పడుగు నడివీధిలో ఎండి, పోగుకు పోగు అతుక్కుని కట్టెలా అవుతుంది. దాన్ని మళ్లీ విడదీయడం ఎవరి వల్లా కాదు. కొన్ని నెలల తిండి అట్లా పోతుంది.

ఆ వీధిలో ప్రార్థనకు పోయేదాన్ని నేనొక్కదాన్నే. ఎట్లా నమ్ముకున్నావని అడిగితే చెప్పుకోదగ్గ కథ ఏమీ లేదు. నాకు రోగం తగ్గలేదు, కల రాలేదు. ప్రార్థన గది మా చుట్టాల ఇంటి గోడకు ఆనుకుని ఉండేది. ఆ ఇంట్లో కూర్చుని కండెలు చుట్టేటప్పుడు గోడ అవతలి మాటలు వినిపించేవి. వింటూ వింటూ ఒకనాడు రాట్నం ఆపి విన్నాను. తర్వాత గోడ అవతలికే పోయి విన్నాను. అంతే.

అక్షరాలు ఆ తర్వాత వచ్చాయి. యాభై దాటిన మనిషిని కూర్చోబెట్టి పాస్టరమ్మ పలక పట్టించింది. నాది వేలితో సాగే చదువు. ఒక మాట మీద వేలు పెడితే, ఆ మాట పూర్తిగా నోట్లోకి వచ్చేదాకా వేలు కదలదు. తొందరగా చదవడం వచ్చి ఉంటే నేను కూడా ఆ మాటను దాటుకుని పోయేదాన్నేమో. వెళ్లండి అన్న మాట అది. శిష్యులను ఊళ్లకు పంపిన చోట ఉంటుంది. నా వేలు అక్కడికి వచ్చి ఆగిపోయేది. చదివినప్పుడల్లా పుస్తకం మూసేదాన్ని. మర్నాడు తెరిస్తే మళ్లీ అక్కడే తెరుచుకునేది, నేనే తెరిచేదాన్నేమో తెలియదు.

పాస్టరయ్యకు ఈ సంగతి చెప్పింది నేనే. నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఈ మాట నన్ను విడుస్తలేదయ్యా అన్నాను. ఆయన నవ్వలేదు, మెచ్చుకోనూ లేదు. తర్వాతి ఉపవాస ప్రార్థన నాడు ఇద్దరిద్దరిని జతచేసి ఊళ్లు చెప్పాడు. నాకు జతగా ఇచ్చింది ఇండ్లు కట్టే పనికి పోయే ఒక మనిషిని. నాకంటే చాలా చిన్నది, మొగుడు లేడు, ఇసుక తట్టలు మోసి మోసి భుజాలు మగవాళ్లకు ఉన్నట్టు ఉండేవి. ఆమెకు భయమంటే ఏమిటో తెలియదని అందరూ అనేవారు. నన్ను అక్కా అని పిలిచేది.

వీధివాళ్లు అప్పటిదాకా నన్ను ఏమీ అనలేదు. బతుకమ్మ ఆటకు రానందుకు ఆడవాళ్లు కొన్నాళ్లు ముఖం తిప్పుకున్నారు, తర్వాత వాళ్లే మాట్లాడారు. ఆదివారం ఎటు పోతుందో ఆమె కాళ్ల సంగతి అన్నట్టు ఉండేవారు. కానీ చేతిలో కరపత్రాలు పట్టుకుని ఊరూరు తిరగడం వేరు. అది నాకు తెలుసు, అందుకే భయం.

ఇంటికి పోయి మా ఆయనకు చెప్పాను. నా భర్త నమ్ముకోలేదు, నన్ను ఆపనూ లేదు. తన దేవుళ్లకు దీపం తానే పెట్టుకునేవాడు. వత్తి నేను చేసి ఇచ్చేదాన్ని. దాని మీద పాస్టరమ్మకు నాకు ఒకసారి మాటామాటా అయింది కూడా. నేను చెప్పినప్పుడు ఆయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. కొంచెంసేపు పోగుల నడుమ నాడె ఆడిస్తూనే ఉండి, తర్వాత ఆపాడు.

"పడుగు అయినంక పోరాదు?"

"అది అయినంక ఇంకో పడుగు ఉంటది గద."

ఆయన మళ్లీ నేయడం మొదలుపెట్టాడు. తిట్టి ఉంటే నాకు బాగుండేది. తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని.

మర్నాడు మా కులపెద్ద వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. ఆయన నా భర్తకు వరుసకు అన్న, నేను బావా అంటాను. చెడ్డవాడని రాస్తే అబద్ధమవుతుంది. మా అత్త చనిపోయినప్పుడు పాడె కట్టింది ఆయనే. అరుగు మీద కూర్చుని నూలు ధర గురించి, వానల గురించి మాట్లాడాడు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. అసలు మాటకు వచ్చేసరికి గొంతు ఇంకా తగ్గించాడు.

"తమ్మీ, మరదలు గుడికి రాకుంటే నేనేమన్న అన్ననా? అనలే. గానీ ఊర్లు తిరిగి చెప్పుడు వేరే. ఇయ్యాల అవతలోళ్ల ఇండ్లకు పోతది, రేపు మనోళ్ల ఇండ్లకు వస్తది. గట్లయితే మీ పడుగుకు చేతులు రావు. నేను ఆపుత అంటలేను. వాళ్లే రారు."

నా భర్త ఊఁ అన్నాడు. బావ మంచినీళ్లు అడిగాడు. నేనే ఇచ్చాను. నా చేతి నీళ్లు తాగి, చెంబు కింద పెట్టి, పోయొస్త అని లేచాడు. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. కోపంతో అన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు చల్లబడతాడు. చల్లగా అన్నవాణ్ణి ఏం చేయాలి?

పోయే రోజు పొద్దున నేను ఒక మూట కట్టాను. ఆయన నేసిన చీరలు ఇంట్లో కొన్ని ఉన్నాయి, అవి తెల్లబట్టలో కట్టి సంకన పెట్టుకున్నాను. వయసులో ఉన్నప్పుడు అత్తతో కలిసి ఊళ్లు తిరిగి చీరలమ్మినదాన్ని. ఎవరైనా ఏం పని మీద వచ్చావని అడిగితే చెప్పుకోవడానికి ఒక జవాబు ఉంటుంది కదా అనుకున్నాను. మూట ఎత్తుకున్నాక భయం కొంచెం తగ్గింది.

బస్టాండులో నా జతమనిషి మూటను చూసింది.

"ఏందక్కా గిది? ప్రభువు శిష్యులకు సంచే వద్దంటే నువ్వు మూటనే తెచ్చినవ్."

"ఉండనీ తియ్," అన్నాను.

కోస్గిలో దిగి ఆటో ఎక్కాం. దారి పొడవునా కందిచేలు. ఆమె చిన్నగా పాట పాడుకుంటూ కూర్చుంది. నేను ఆటోలో ఎక్కినవాళ్ల ముఖాలు చూస్తూ ఉన్నాను. వీళ్లలో మా వీధికి చుట్టం ఎవరైనా ఉన్నారా అని ఒకటే ఆలోచన. కోస్గి వైపు ఊళ్లకు, మా వీధికి ఇచ్చిపుచ్చుకోవడాలు ఎన్నో ఉన్నాయి. పాస్టరయ్యకు ఆ సంగతి తెలియదు. తెలిసినా అదే ఊరు చెప్పేవాడేమో.

ఊళ్లోకి అడుగు పెట్టగానే మేం నోరు తెరవకముందే ఒక వాకిట్లోంచి పిలుపు వచ్చింది. చీరెలా పెద్దమ్మా, ఇటు రా అని. నలభై ఏళ్ల మనిషి, మంచి కలుపుగోలు ముఖం. చాప వేసింది. మూట విప్పేసరికి పక్క ఇండ్ల నుంచి ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. ఇక నా నోటికి అడ్డు లేకుండా పోయింది. ఈ అంచు ఇట్లా, ఈ రంగు దిగదు, ఈ కొంగు చూడు బిడ్డా, ఉతికిన కొద్దీ మెత్తబడుతుంది. పాత రోజుల్లో అత్త నేర్పిన మాటలన్నీ వచ్చాయి. నా జతమనిషి కరపత్రాలు ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. నేను ఆమె వైపు చూడలేదు. చీరల మీద మాట్లాడినంతసేపూ భయం లేదు. మూట కట్టిపెట్టాల్సి వస్తుందే అనే భయం మాత్రం ఉంది.

ఆ ఇంటామె ఒక చీర అంచు పట్టుకుని, ఈ పని నాకెరుకే అంది. మా అక్క ఇంట్లో ఇదే నేస్తారు, మా అక్కను నారాయణపేటలోనే ఇచ్చారు అని, ఇంటి గుర్తులు చెప్పింది. కులపెద్ద బావ ఇల్లు. ఆమె అక్క ఆయన కోడలు.

నా చేతుల్లో చీర మడత జారిపోయింది. మళ్లీ మడత పెట్టాను. ఆమె సంబరపడి, మా అక్క వీధిదానివా, మరి ముందే చెప్పవేం అని, తాగడానికి మజ్జిగ తెచ్చింది. తినిపో అంది. సరిగ్గా అప్పుడు నా జతమనిషి లేచి ఆడవాళ్లకు కరపత్రాలు ఇస్తూ యేసుప్రభువు మాట మొదలుపెట్టింది. ఆమెకు మెత్తగా చెప్పడం రాదు, ఇటుకలు అందించినట్టు చెబుతుంది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు లేచిపోయారు. ఒక ముసలామె మాత్రం కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూస్తూ కూర్చుంది.

ఇంటామె నా వైపు వంగి, నాకే వినపడేటట్టు అడిగింది.

"పెద్దమ్మా, నువ్వు గూడ గీమెతోనే వచ్చినవా? లేకుంటే తొవ్వల కలిసిన్రా?"

ఆమె మంచి మనిషి. నేను తప్పించుకోవడానికి దారి కూడా తానే చూపించింది. దారిలో కలిశామంటే చాలు. మజ్జిగ తాగి, చీర అమ్మి, అక్కకు ఏం చెప్పమంటావు అని అడిగి వచ్చేదాన్ని. నా పడుగు నాకు దక్కేది. మజ్జిగ తాగకుండానే కింద పెట్టాను. నా జతమనిషి గొంతు వెనక నుంచి వస్తూనే ఉంది.

"ఆమెతోనే వచ్చిన బిడ్డా. చీరెలు అమ్మనీకె తేలే. భయానికి తెచ్చిన."

ఆమె ఒళ్లో పెట్టుకున్న చీరను తీసి నా ముందు పెట్టింది.

"చీరె మంచిగున్నది. గానీ వద్దు తీ. మా ఇంటాయన వచ్చే యాళ్లయింది, మీరు పోండ్రి."

వీధి మూల తిరిగేటప్పుడు వెనక్కి చూశాను. ఆమె వాకిట్లో నిలబడి ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉంది. ఎవరితో మాట్లాడిందో నాకు తెలియదు. అక్కతోనే అనుకున్నాను.

ఆటో కోసం నిలబడ్డప్పుడు నా జతమనిషి ఇక ఆగలేకపోయింది.

"దేవుని మాట ఒక్కటన్న చెప్పినవా అక్కా?"

"చెప్పిన."

"ఏం చెప్పినవ్?"

"నీతోనే వచ్చిన అని చెప్పిన."

ఆమె నా మూట తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. ఇంటిదాకా మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

వీధిలోకి వచ్చేసరికి అందరూ ఎప్పటిలాగే ఉన్నారు. ఒకామె తిన్నవా అని కూడా అడిగింది. ఎవరూ ఏమీ అనకపోవడం నాకు నచ్చలేదు. బావ కోడలు నల్లా దగ్గర ఎదురైతే బిందె వైపు చూస్తూ నిలబడింది. ఆ రోజుల్లో నేను చేసిన ప్రార్థనల్లో నశించిపోయే ఆత్మలు లేవు, రక్షణ లేదు. పడుగు ఒక్కటే ఉంది. తండ్రీ, పడుగు. అంతకంటే మాట వచ్చేది కాదు. పాస్టరమ్మతో అంటే, ఆ ప్రార్థన కూడా ఆయన వింటాడు అంది. వింటాడని నాకూ తెలుసు. ఏం జవాబు ఇస్తాడనేదే తెలియదు.

పడుగు చాచే నాడు తెల్లవారుతుండగా నా భర్త గుంజలు పాతాడు. ఆ చప్పుడు వీధి అంతా వినిపించింది. ఇద్దరం పడుగు చాచాం. గంజి కుండ వాకిట్లో చల్లారుతోంది. ఎదురింటామె తలుపు తెరిచింది, నీళ్లు చల్లింది, మూసుకుంది. పక్కింటాయన బయటికి వచ్చి పళ్లు తోముకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన పెండ్లికి నేసిన చీరల పడుగు దువ్వడానికి అందరికంటే ముందు వచ్చి నిలబడినవాడు నా భర్త.

"గంజి పెట్టకు," అన్నాను. "చుట్టి ఇంట్ల పెడదాం."

"ఎన్నొద్దులు పెడతవ్?" అన్నాడు ఆయన. కుంచె గంజిలో ముంచాడు.

అప్పుడే నా జతమనిషి పరుగెత్తుకుంటూ వచ్చింది, ప్రార్థన గదిలోని ఇంకో ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని. నేను రమ్మనలేదు. ప్రార్థనలో నేను పడుగు గురించి ఏడుస్తుంటే విని వచ్చారు. వాళ్లకు పడుగు పట్టడం ఏం తెలుసు? నా జతమనిషి కొస పట్టుకుని బావిలోంచి బొక్కెన లాగినట్టు లాగింది. పోగులు టపటపా తెగాయి. నా భర్త ముఖం పాలిపోయింది. ఎక్కడ తెగిందని నేను పరుగెత్తేసరికి ఇంకో చోట తెగింది. గంజి ఆరిపోతోంది. ఇక పోయిందనుకున్నాను.

"గుంజకమ్మా. పడుగది, పగ్గం గాదు."

కులపెద్ద బావ. కండువా నడుముకు బిగించుకుని వచ్చి, నా జతమనిషి చేతిలోంచి కొస తీసుకున్నాడు. ఆయన వెనక ఇద్దరు ముసలివాళ్లు వచ్చారు. పడుచువాళ్లు ఎవరూ రాలేదు. నువ్వు ఇక్కడ నిలబడు, నువ్వు కుంచె అట్లా పట్టకు, మెల్లగా నడువు అని ప్రార్థనవాళ్లకు చెబుతూనే, తిడుతూనే, ఎండ ఎక్కేసరికి పని అయిందనిపించాడు. సరిగా కాలేదు. ఆ పడుగుతో నేసిన చీరలన్నిటిలో అక్కడక్కడ ఒక గరుకు చార పడింది. కానీ పడుగు బతికింది.

చేతులు కడుక్కుంటూ ఆయన మొదటిసారి నాతోనే నేరుగా మాట్లాడాడు. నూలు మీద కోపం లేదు కనుక వచ్చానన్నాడు. మళ్లీ రానన్నాడు. ఇక మీరు కొన్న పడుగు తెచ్చుకోండి అన్నాడు. అప్పటికే కొందరు గంజి పెట్టిన పడుగులు బయట కొనుక్కుని తెచ్చుకుంటున్నారు, వాళ్లకు ఖర్చు ఎక్కువ, మిగులు తక్కువ. తర్వాత అడిగాడు.

"పోకుంట ఉంటవా మరదలా?"

ఉంటానని చెప్పాలని ఎంత అనిపించిందో నాకే తెలుసు. నా భర్త గుంజ ఊడదీస్తూ ఆగి నా వైపు చూశాడు.

"ఉండలేను బావా."

ఆయన తల ఊపి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. నా భర్త గుంజలు ఇంట్లో పెట్టాడు.

మాకు చేతులు రావని నేను భయపడ్డాను. మా చేతులను కూడా పిలవరని నాకు తోచనే లేదు. తర్వాత వీధిలో ఎవరి పడుగు చాచినా, గుంజల చప్పుడుకు నా భర్త అలవాటుగా లేచి గడపదాకా పోయేవాడు. మొదటిసారి పోయి కుంచె పట్టుకుంటే, చాల్తరు అన్నా, మనుషులు చాల్తరు అని చేతిలోంచి తీసుకున్నారట. అప్పటి నుంచి గడప దాటలేదు. గడపలో నిలబడి, ఎక్కడ పోగు తెగిందో దూరం నుంచే చూసేవాడు. నోరు తెరిచి చెప్పేవాడు కాదు. అంత పనివాడు చేతులు వేలాడేసుకుని నిలబడటం నేను చూశాను. దానికి కారణం నా కాళ్లు. ఈ మాట ప్రార్థన గదిలో అందరి ముందు చెప్పే ఏ సాక్ష్యంలోనూ నేను చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

వానలు తగ్గిన తర్వాత పాస్టరయ్య మళ్లీ కోస్గి వైపే పొమ్మన్నాడు. ఈసారి మూట కట్టలేదు. పుస్తకం చేతిలో పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి వీధి నిండా పక్కింటివాళ్ల పడుగు. ఈ మూల నుంచి ఆ మూలదాకా మనుషులు వరుసగా నిలబడి దువ్వుతున్నారు. బస్టాండుకు పోవాలంటే దాని పక్క నుంచి చివరిదాకా నడవాలి. అందరూ చూస్తారు. నేను గడప మీద ఆగిపోయాను. ఎవరో నవ్వారు. నా గురించి కాకపోవచ్చు.

"వాళ్లది అయ్యేదాక ఆగుతవా?" అన్నాడు నా భర్త, నా వెనక నుంచి.

"బస్సు పోతది."

ఆయన చెప్పులు వేసుకుని గడప దిగాడు. ఏమీ చెప్పలేదు. నన్ను గోడ వైపుకు జరిపి, తాను పడుగు వైపున నడిచాడు. ఇద్దరం నడిచాం. దువ్వుతున్న కుంచెలు ఆగలేదు. ఒకరిద్దరు తలలు ఎత్తారు. బావ తన కొస దగ్గర తల వంచుకుని పోగులు చూసుకుంటున్నాడు. నేను నేల చూస్తూ నడిచాను. మా ఆయన పడుగును చూస్తూ నడిచాడు. మూల తిరిగాక ఆగి, ఇగ పో అన్నాడు.

నేనైతే అటు నుంచి అటే బస్సెక్కి పోతాను. ఆయన మాత్రం మళ్లీ ఆ మనుషుల పక్క నుంచే ఇంటికి పోవాలి, ఒక్కడే. అది నాకు అప్పుడు తట్టింది. పిలవబోయాను. ఏమని పిలవాలి? ఆయన అప్పటికే వెనక్కి తిరిగాడు. చేతులు వెనక్కి కట్టుకుని, వరుస పొడవునా, ఎవరూ పలకరించకుండా నడిచి పోయాడు. మా గడప ఎక్కేదాకా మూల మీద నిలబడి చూసి, బస్సుకు పోయాను.